ఉన్నదున్నట్టు మాస్టారు

కాగితం మీద ఏం రాసి ఉంటే అదే అల్లుతారు, అక్షరం కూడా అటూ ఇటూ పోనివ్వరు. మాస్టారి గురించి ముందుగా చెప్పుకోవలసింది ఇదే. సున్నా ఒకటి ఎక్కువ పడితే ఆ సున్నాతో సహా అల్లేస్తారు. మాట ఒకటి తక్కువ పడితే ఆ మాట లేకుండానే అల్లేస్తారు. ఆయన అసలు పేరు హాజరు పట్టీలో భద్రంగా ఉంది కానీ, అల్లికల పత్రిక ఆఫీసులో దాన్ని ఎవరూ వాడరు. అందరికీ ఆయన ఉన్నదున్నట్టు మాస్టారు.

ఇళ్లలో అల్లిక మెషిన్లు ఉన్నవాళ్ల కోసం నెలనెలా వచ్చే పత్రిక అది. మెషిన్ అంటే పెద్దదేం కాదు. బల్ల అంచుకి బిగించే పొడుగాటి పట్టె, అందులో రెండు వందల సూదులు, వాటి మీద అటూ ఇటూ తోసే క్యారేజీ. ఒకసారి తోస్తే ఒక వరస పడుతుంది. ఏ బట్టకి ఎన్ని సూదులు, ఎన్ని వరసలు, చంక దగ్గర ఎంత తగ్గించాలి, ఏది దేనికి కుట్టాలి అన్నదంతా బొమ్మ గీసి రాయడం డిజైనర్ పని. అలా రాసిన కాగితం అచ్చుకి వెళ్లేముందు, వెనక గదిలో కిటికీ పక్కన కూర్చునే మాస్టారి దగ్గరికి వెళ్తుంది. ఆయన దాన్ని చూసి అల్లి తెస్తారు. స్వెటర్ల ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లు కొత్తవాళ్లకి మెషిన్ నేర్పిన మనిషి. కళ్లకి గంతలు కట్టినా అల్లగలరు. అంతటి మనిషి తెచ్చింది చూసినప్పుడల్లా డిజైనర్‌కి తల గోడకేసి కొట్టుకోవాలనిపించేది.

ఆమె ఉద్యోగంలో చేరి మూడేళ్లయింది. మొట్టమొదట రాసిచ్చింది చంటిపిల్లల టోపీ. రెండు రోజుల తర్వాత మాస్టారు ఒక సంచీతో వచ్చి, అందులోంచి టోపీ తీయడం మొదలుపెట్టారు. తీస్తూనే ఉన్నారు. ఆ నారింజ రంగు టోపీ బల్ల మీదికి వచ్చి, బల్ల దిగి, కుర్చీ కాళ్ల చుట్టూ తిరిగి, తలుపు వైపు బయల్దేరింది.

"ఏమిటండీ ఇది?"

"టోపీ అమ్మా."

"ఇంత పొడుగా?"

"ఏడు వందల ఇరవై వరసలు అన్నారు."

ఆమె కాగితం లాక్కుని చూసింది. డెబ్భై రెండు పక్కన సున్నా ఒకటి అమాయకంగా కూర్చుని ఉంది.

"చంటిపిల్ల తలకి డెబ్భై రెండు వరసలు చాలు కదండీ. మీకు తెలీదా?"

"తెలుసమ్మా."

"తెలిసీ ఎలా అల్లారు?"

"తెలిసింది అల్లమని మీరు చెప్పలేదు కదా. రాసింది అల్లమన్నారు."

ఆయన గొంతులో వెటకారం లేదు. ఉంటే బాగుండునని ఆమెకి అనిపించింది. వెటకారం చేసేవాళ్లతో కనీసం పోట్లాడవచ్చు.

పై నెల స్వెటర్ వంతు. సున్నాలన్నీ నాలుగుసార్లు చూసుకుని మరీ ఇచ్చింది. ముందు భాగం, వెనక భాగం అచ్చు గుద్దినట్టు కుదిరాయి. చెయ్యి మాత్రం ఒకటే ఉంది.

"రెండోది ఏదండీ?"

"రెండోదాని మాట కాగితంలో లేదమ్మా. 'చెయ్యి ఇలా అల్లి చంక దగ్గర కుట్టండి' అని ఉంది. కుట్టాను."

"మనుషులకి రెండు చేతులుంటాయండీ."

"ఉంటాయి," అని మాస్టారు ఒప్పుకున్నారు.

ఆ రోజు నుంచి ఆమె ప్రతి కాగితంలోనూ 'ఇలాగే మరొకటి' అని రాయడం అలవాటు చేసుకుంది. ముందు తెరుచుకునే కార్డిగన్‌కి కూడా కుడి భాగం సంగతంతా పూసగుచ్చినట్టు రాసి, కింద 'ఇలాగే మరొకటి' అని పెట్టింది. మాస్టారు తెచ్చిన కార్డిగన్‌కి రెండు భాగాలూ కుడివే. రెండింటికీ కాజాలే. బొత్తాలు కుట్టే చోటే లేదు.

"ఇలాగే అన్నారు కదమ్మా. ఇటుది అటు తిప్పి అల్లండి అని ఉంటే తిప్పే అల్లేవాణ్ని."

విచిత్రం ఏమిటంటే, నోటితో చెబితే మాస్టారంత సులువైన మనిషి ఇంకొకరు ఉండరు. సగం మాట అంటే మిగతా సగం ఆయనే అందుకుంటారు. కాగితం చేతికిస్తే మాత్రం మనిషి మారిపోతారు. ఒక ఆదివారం భోజనానికి పిలిచినప్పుడు ఆయన భార్య ఆ సంగతే చెప్పింది.

"ఈయనకి ఏదైనా చెప్పమ్మా, రాసి మాత్రం ఇవ్వకు. పోయినేడు మా అక్క ఇంటికి వెళ్తూ 'పాలు పొంగగానే దించండి' అని చీటీ రాసి పెట్టాను. తిరిగొచ్చేసరికి పొయ్యి నిండా పాలే."

"పొంగాయి, దించాను," అన్నారు మాస్టారు, కూర వడ్డించుకుంటూ.

"చూశావా? పొంగేలోపు అని రాయకపోవడం నాదే బుద్ధి తక్కువ," అని ఆవిడ పకపకా నవ్వింది. డిజైనర్ నవ్వబోయింది కానీ రెండు కుడి భాగాల కార్డిగన్ గుర్తొచ్చి నవ్వు గొంతులోనే ఆగిపోయింది.

అలా నెట్టుకొస్తుండగా చలికాలం ప్రత్యేక సంచిక దగ్గరపడింది. ముఖచిత్రం ఈసారి నీ డిజైనే అని ఎడిటరమ్మ మాటిచ్చింది. డిజైనర్‌కి కాళ్లు నేల మీద నిలవలేదు. రెండు నెలలు కూర్చుని, నీలం రంగు మీద తెల్ల పిచ్చుకలు ఎగిరే స్వెటర్ ఒకటి తయారుచేసింది. మెషిన్ మీద బొమ్మ రావాలంటే చిల్లులు కొట్టిన అట్ట ఒకటి అందులో పెట్టాలి. చిల్లు ఉన్నచోటల్లా రెండో రంగు ఊలు పడుతుంది. ఆ చిల్లులన్నీ ఆమె తన చేత్తోనే కొట్టుకుంది. ఎవరికి కావలసినంత పొడుగు వాళ్లు పెంచుకునేలా, భుజాల నుంచి కిందికి అల్లే పద్ధతి పెట్టింది.

బుధవారం ఫొటోలు. సోమవారం పొద్దున మాస్టారు వెనక భాగం అల్లి తెచ్చారు. పిచ్చుకలు ముచ్చటగా ఉన్నాయి. ఒక్కటి కూడా తిన్నగా లేదు, అన్నీ తలకిందులుగా ఉన్నాయి. పైనుంచి కిందికి అల్లేటప్పుడు అట్టని తిరగేసి పెట్టాలి. ఆ ఒక్క ముక్క రాయడం ఆమె మరిచిపోయింది.

"మాస్టారూ, ఇవి పిచ్చుకలు. గబ్బిలాలు కావు."

"అట్ట తిప్పమని లేదమ్మా."

"పిచ్చుక ఎక్కడైనా తలకిందులుగా ఎగురుతుందా అని మీకు అనిపించలేదా?"

"అనిపించింది. రెండో వరస పిచ్చుకలు వచ్చేసరికి గట్టిగానే అనిపించింది."

"అప్పుడైనా ఆపొచ్చు కదా."

"ఆపమనీ లేదు."

ఆమె విసవిసా ఎడిటరమ్మ గదిలోకి వెళ్లింది.

"మేడమ్, ఇక నా వల్ల కాదు. నా డిజైన్లు నేనే అల్లుకుంటాను."

ఎడిటరమ్మ ఆ మాట కోసమే కాచుకుని ఉన్నట్టు కళ్లజోడు తీసింది. "ఏడాదిగా నేనూ అదే అనుకుంటున్నా. ఆయన పుణ్యమా అని ప్రతి సంచికా ఆలస్యమే. కానీ ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం లేదు నాకు. ఉత్తరం రాసిస్తాలే."

రాసిచ్చింది కూడా. 'ఇంతకాలం మీరు చేసిన పనికి కృతజ్ఞతలు. ఇకనుంచి మీరు ఆఫీసుకి రావలసిన అవసరం లేదు.'

మర్నాడు సరిగ్గా తొమ్మిదిన్నరకి మాస్టారు వచ్చి కిటికీ పక్కన కూర్చున్నారు.

"మాస్టారూ," అంది ఎడిటరమ్మ నసుగుతూ, "ఉత్తరం అందలేదా?"

"అందిందమ్మా. చదివాను."

"మరి..."

"అవసరం లేదని రాశారు. రావద్దని రాయలేదు కదా. ఇంట్లో నాకు తోచదు."

రావద్దు అని ఇంకో ఉత్తరం రాయడానికి ఎడిటరమ్మకి చెయ్యి రాలేదు. మాస్టారు రోజూ వచ్చారు. పని లేదు కాబట్టి మెషిన్ సూదులన్నిటికీ నూనె పెట్టారు. మర్నాడు తుడిచి మళ్లీ పెట్టారు. ఆ గది ముందు నుంచి వెళ్లవలసి వచ్చినప్పుడల్లా డిజైనర్ చేతిలో ఉన్న కాగితమేదో చాలా ముఖ్యమైనదైనట్టు చదువుకుంటూ దాటేసేది.

ఈలోగా పిచ్చుకల స్వెటర్ని ఆమె తనే కూర్చుని అల్లేసింది. అట్ట తిప్పాలన్న ముక్క కాగితంలో చేర్చింది. ఫొటోలు వేళకి అయ్యాయి, సంచిక వేళకి వచ్చింది. ముఖచిత్రం చూసి ఎడిటరమ్మ అందరికీ టీ తెప్పించింది. మాస్టారికీ ఒక కప్పు వెళ్లింది. ఆయన పత్రిక అటూ ఇటూ తిప్పి చూసి, "పిచ్చుకలు బాగా ఎగురుతున్నాయి," అన్నారు.

మూడు వారాలు గడిచాయి. ఒక పొద్దున ఆఫీసు తలుపు తోసుకుని ఒకావిడ లోపలికి వచ్చింది. ఆవిడ చెయ్యి పట్టుకుని వెనకాలే ఒక భారీ మనిషి వచ్చాడు. ఒంటి మీద పిచ్చుకల స్వెటర్. స్వెటర్ మెడ ఆయన మెడ మీద లేదు, ముక్కు మీద ఉంది. కిందికి దిగాలంటే ముక్కు అడ్డం, పైకి రావాలంటే చెవులు అడ్డం. ఊలు పైనుంచి రెండు కళ్లు మర్యాదగా అందరినీ చూస్తున్నాయి.

"ఈ స్వెటర్ గురించి రాసినావిడ ఉన్నారా అండీ?"

"నేనేనండీ," అంది డిజైనర్ లేచి నిలబడుతూ.

"మీరేమీ అనుకోకండి. తప్పు నాదే. ఎక్కడ పొరబడ్డానో కాస్త చూపిస్తే చాలు. ఈయన మా ఆయన."

ఆ భారీ మనిషి ఊలు లోపల నుంచి ఏదో అన్నాడు.

"బొమ్మలు చాలా బాగున్నాయంటున్నారు," అంది ఆవిడ.

డిజైనర్‌కి కూర్చోమనడం కూడా తోచలేదు. ఆవిడే చెప్పుకుపోయింది. "మెషిన్ కొనుక్కుని అల్లడం నాకిదే మొదలండీ. మా ఆడపడుచు ముందే అంది, ఇలాంటివి నీ బుర్రకి ఎక్కవు వదినా అని. మూడుసార్లు విప్పాను, మూడుసార్లు అల్లాను. మూడుసార్లూ మెడ ఇంతే వచ్చింది. ఇవాళ పొద్దున ఈయన, ఒకసారి గట్టిగా తొడిగి చూద్దాం అని తొడిగారు. ఇదిగో, ఇక్కడ ఆగింది. కత్తిరిద్దామంటే కత్తెర పట్టుకోనివ్వరు. నువ్వు అంత కష్టపడి అల్లావు కదా అంటారు."

భారీ మనిషి అవునన్నట్టు తల ఊపాడు. పిచ్చుకలు కూడా ఊగాయి.

ఆవిడ సంచీలోంచి పత్రిక తీసింది. ప్రతి వాక్యం కిందా పెన్సిలు గీత, ప్రతి గీత పక్కనా ఒక టిక్కు. చివరి పేజీలో 'రెండు భుజాలూ పూర్తిగా కలిపి కుట్టండి' అన్నదాని పక్కన కూడా టిక్కు ఉంది. అది చూడగానే డిజైనర్‌కి తన పొరపాటు తెలిసిపోయింది. చలికాలపు స్వెటర్ కదా అని మెడ బిగువుగా పెట్టింది. తను అల్లినప్పుడు ఎడమ భుజం సగం కుట్టకుండా వదిలి, అక్కడ మూడు బొత్తాలు పెట్టింది. అలవాటైన చెయ్యి దానంతటదే పెట్టేసింది. కాగితంలోకి ఆ సంగతి రానే లేదు. ఫొటోలో బొత్తాల మీద ఆ స్వెటర్ తొడుక్కున్న అమ్మాయి జుట్టు పడి ఉంది.

ఆ మాట పైకి చెప్పాలి. అంతలో వెనక గదిలోంచి మాస్టారు వచ్చారు. పత్రిక అందుకుని, కళ్లజోడు పెట్టుకుని, వేలు పెట్టి పేజీ అంతా చదివారు. తర్వాత ఆ భారీ మనిషి చుట్టూ నెమ్మదిగా ఒక ప్రదక్షిణం చేసి, వరసలు లెక్కపెట్టారు.

"అమ్మా, మీరు ఒక్క వరస కూడా తప్పలేదు. ఎలా రాసి ఉందో అలాగే అల్లారు. తప్పు రాతలో ఉంది."

"నిజంగానా అండీ?"

"నిజంగానే. నేను అల్లినా సరిగ్గా ఇలాగే వచ్చేది."

ఇంతకుమించిన మెచ్చుకోలు మాస్టారి నోట డిజైనర్ ఎన్నడూ వినలేదు. ఆయన ఆ మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, భుజం కుట్టులో దారం కొస వెతికి పట్టుకుని మెల్లగా లాగారు. భుజం విచ్చుకుంది. లోపల నుంచి ముక్కు, మీసం, గడ్డం ఒకటొకటిగా వెలుగులోకి వచ్చాయి.

"మంచినీళ్లు," అన్నాడా మనిషి ముందుగా. గ్లాసు ఖాళీ చేశాక భార్య వైపు తిరిగి, "ఇంటికెళ్లగానే చెల్లికి ఫోన్ చేస్తాను. బుర్రకి ఎక్కడం సంగతి నేను చెబుతాను దానికి," అన్నాడు.

డిజైనర్ గొంతు సవరించుకుంది. "తప్పు నాదేనండీ. నేనే రాయడం మరిచిపోయాను." మూడు బొత్తాలు వెతికి తెచ్చి, ఆ భుజానికి తనే కుట్టి ఇచ్చింది.

ఆ సాయంత్రం మాస్టారు ఇంటికి బయల్దేరుతుంటే ఆమె కూడా నడిచింది. రెండు వీధులు దాటాక అడిగింది.

"మాస్టారూ, తప్పు కనబడగానే చెప్పేస్తే సరిపోయేది కదా. అంతా అల్లి తేవడం ఎందుకు?"

"కనబడిన తప్పు ఒకటైతే చెప్పొచ్చమ్మా. నాకు పని వచ్చు కాబట్టి కనబడనివి చాలా ఉంటాయి. చెయ్యి తెలీకుండానే సర్దేస్తుంది. పని రాని మనిషిలాగా కూర్చుని అల్లితేనే అన్నీ బయటపడతాయి. చదివే ఆవిడకి మనం పక్కన ఉండం కదా."

ఇంటికి చేరాక ఆయన మొక్కలకి నీళ్లు పోయడానికి వెళ్లారు. జరిగిందంతా విని ఆయన భార్య నవ్వింది.

"పెళ్లయిన కొత్తలో నేనూ ఇలాగే ఒక పుస్తకం చూసి ఈయనకి స్వెటర్ అల్లానమ్మా. ఒక చెయ్యి మోచేతి దాకా వచ్చింది, ఇంకోటి మోకాలి దాకా వచ్చింది. నాకు బుర్ర లేదనుకున్నా. మెషిన్ మీద దుప్పటి పరిచి ఏడేళ్లు ఇస్త్రీ బల్లగా వాడుకున్నా. అల్లమని ఎవరడిగినా నాకు రాదనేదాన్ని."

"మాస్టారు ఏమీ అనలేదా?"

"ఆ స్వెటర్ పెట్టెలో దాచేశాను, ఆయనకి తెలిస్తే కదా. ఒక సెలవు రోజు ఆ స్వెటరూ, పుస్తకమూ కంటబడి, అందులో ఉన్నది ఉన్నట్టు ఇంకో స్వెటర్ అల్లారు. అచ్చం నాదానిలాగే ఒక చెయ్యి ఇక్కడికి, ఒక చెయ్యి అక్కడికి. రెండూ తెచ్చి మంచం మీద పక్కపక్కన పరిచి, ఎంత బాగా అల్లావు అన్నారు." ఆవిడ కప్పులోకి టీ వంపింది. "అదిగో, అప్పట్నించీ ఈ రోగం."

మర్నాడు డిజైనర్ ఎడిటరమ్మ గదిలోకి వెళ్లింది. ఎడిటరమ్మ అప్పటికే కాగితం ముందు పెట్టుకుని కూర్చుంది. 'మీరు రోజూ ఆఫీసుకి రావాలి, ప్రతి డిజైనూ అల్లి చూడాలి' అని రాసి, ఒకటికి రెండుసార్లు చదువుకుని సంతకం పెట్టింది.

పై సంచికలో వేయడానికి డిజైనర్ తన పేరు మీద ఒక ఉత్తరం రాసింది. 'పిచ్చుకల స్వెటర్‌లో తప్పు మీది కాదు, నాది. మెడ పక్కన భుజం సగం కుట్టకుండా వదలాలని రాయలేదు. మీ స్వెటర్లు మాకు పంపండి. బాగుచేసి తిరిగి పంపుతాం.' రాసి మాస్టారికి ఇచ్చింది. ఆయన వేలు పెట్టి మూడుసార్లు చదివి, "బాగుందమ్మా," అని తిరిగిచ్చారు. ఒక్క తప్పూ పట్టలేదు. ఆమెకి గాల్లో తేలినట్టయింది.

పార్సెళ్లు రావడం మొదలైంది. మొదటి ఇరవై పిచ్చుకలవే. తర్వాత మోచేతులు చిరిగిన బూడిద రంగు స్వెటర్ ఒకటి వచ్చింది. ఆ తర్వాత ఎలుక కొట్టిన కార్డిగన్, చంటిపిల్లాడి నుంచి ఆరేళ్ల వాడి దాకా పెరిగిన నాలుగు స్వెటర్ల మూట, ఎవరి తాతగారిదో చేత్తో అల్లిన చేతుల్లేని కోటు వచ్చాయి. వెనక గదిలో కూర్చోవడానికి చోటు లేకుండా పోయింది.

"మాస్టారూ, ఇవి మన డిజైన్లు కావండీ. పిచ్చుకల స్వెటర్లు పంపమంటే ఊళ్లో చిరుగులన్నీ పంపారు."

"పిచ్చుకలవే అని లేదమ్మా. 'మీ స్వెటర్లు' అని ఉంది. బాగుచేస్తామనీ ఉంది."

ఆమె ఆయన వంక చూసింది. "అచ్చుకి ముందు మీరు మూడుసార్లు చదివారు."

"చదివాను," అన్నారు మాస్టారు. తాతగారి కోటుకి సరిపోయే ఊలు రంగు వెలుతురులో పెట్టి చూసుకుంటున్నారు. ఆమె కళ్లలోకి మాత్రం చూడలేదు.

డిజైనర్ కుర్చీ లాక్కుని, ఎలుక కొట్టిన కార్డిగన్ ఒళ్లో వేసుకుంది. మధ్యాహ్నాలు ఆయన భార్య కూడా వచ్చి కూర్చునేది. ఎడిటరమ్మ మొదటి వారం ఇది పత్రికా, మరమ్మతుల దుకాణమా అని గొణిగి, రెండో వారం తన పాత స్వెటర్ పార్సెల్ కట్టి, కింద పేరు రాయకుండా ఆ కుప్పలో పెట్టింది.

చివరికి మిగిలింది ఒక చిన్న పొట్లం. మాస్టారు విప్పి చూసి మళ్లీ పొట్లం కట్టబోయారు. లోపల ఊలు మేజోళ్ల జత, రెండింటికీ మడమల దగ్గర చిల్లులు.

"ఏమైంది మాస్టారూ?"

"తిప్పి పంపాలమ్మా." ఆయన ముఖం చిన్నబోయింది. "స్వెటర్లు అనే ఉంది. మేజోళ్ల మాట లేదు."

డిజైనర్ గోడకి అంటించి ఉన్న, తన ఉత్తరం అచ్చైన పేజీ దగ్గరికి వెళ్లింది. పెన్ను తీసి, 'మీ స్వెటర్లు' అన్నదాని పక్కన 'మేజోళ్లు కూడా' అని గుండ్రంగా రాసి, కింద సంతకం, తేదీ వేసింది. మాస్టారు లేచి వచ్చి, కళ్లజోడు పెట్టుకుని, వేలు పెట్టి చదివారు. ఇంకోసారి చదివారు. తర్వాత వెళ్లి కిటికీ పక్కన కూర్చుని, సూదిలోకి దారం ఎక్కించారు.